మెయిల్ కింద చీటీ

“నాన్నా, తలుపు తీయండి. వచ్చింది మెయిలు, పోలీసులు కాదు.”

లోపలి నుంచి జిగురు బ్రష్షు డబ్బా అంచుకి రాసుకున్న చప్పుడు వినిపించింది.

మా ఆయన తలుపుకి చెవి ఆనించి నావైపు చూశాడు. ఆ తలుపుకి అటువైపు మా బైండింగ్ షాపు, ఇటువైపు మా ఇల్లు. అది మూసి ఉండగా నేనింతవరకూ చూడలేదు. మామయ్య ఉదయం ఏడింటికి లోపలికి వెళ్ళి గడియ పెట్టుకున్నారు. ఇప్పుడు పదిన్నర.

“పని చేసుకుంటున్నట్టున్నారు,” అన్నాను మెల్లగా.

“కోపమొస్తే ఆయన చేసేది అదే. నేను లెక్కల్లో తప్పినరోజు నలభై డైరీలకి అట్టలేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.”

నాకు నవ్వొచ్చింది. పెళ్ళయి నలభై మూడు రోజులు. ఏ గదికి ఏ స్విచ్చో నేర్చుకున్నాను, ఏ మెట్టు కిర్రుమంటుందో నేర్చుకున్నాను. నవ్వొస్తే ఎక్కడ దాచుకోవాలో మాత్రం ఇంకా అంతు చిక్కలేదు. తను అది కనిపెట్టి, వద్దని కళ్ళతోనే చెప్పాడు. అలా చెప్పేటప్పుడు మరీ బాగుంటాడు.

“నవ్వకు. ఇదంతా నీ చీటీ వల్లే.”

“మన చీటీ. పంపేముందు నువ్వూ చూశావు. ముద్దొస్తోందన్నావు.”

“అది నిన్ను అన్నాను. చీటీని కాదు.”

వంటింట్లోంచి అత్తయ్య దగ్గింది. “మీరు కాస్త పక్కకి జరగండి,” అన్నాను వెంటనే, గట్టిగా. ఇద్దరమే ఉంటే నువ్వు, పెద్దవాళ్ళ చెవిన పడేచోట మీరు. రోజుకి పదిసార్లు ఆ గీత అటూ ఇటూ దాటడం ఎంత సరదాగా ఉంటుందో చెప్పలేను.

కానీ ఆ రోజు అది సరదా రోజు కాదు.

నిన్న సాయంత్రం నేను చదివిన కాలేజీ లైబ్రరీ నుంచి మెయిల్ వచ్చింది. షాపు మధ్యలో నిలబడి మా ఆయన దాన్ని పైకి చదివాడు. లైబ్రరీ ఆవిడ రాసింది ఇది:

“మీ మెయిల్ కింద ఆ పాత చీటీ చూసి ఎంత సంతోషపడ్డానో. పెద్దాయన మళ్ళీ కుడుతున్నారన్నమాట. ఆ చీటీ ఆగిపోయాకే మేం పని వేరేచోట ఇవ్వడం మొదలుపెట్టాం. ఆ జిగురు బైండింగులు రెండేళ్ళకే పేజీలు రాలుస్తున్నాయి. ఆరువందల సంపుటాలు విప్పి మళ్ళీ కుట్టించాలి. ఆయన చేతికుట్టు అయితే ఇంకెవరినీ అడగను. రేపు మూడింటికి నేనే వస్తాను. ఆయన కుడుతుంటే కాసేపు చూడాలని ఉంది.”

ఆరువందలు. పెద్ద కత్తిరింపు మిషన్ ఇక అమ్మేద్దామా అని తండ్రీకొడుకులు వారంరోజులుగా తర్జనభర్జన పడుతున్న ఇంట్లో ఆరువందలు. మా ఆయన ఆ అంకెని రెండుసార్లు చదివాడు.

“ఏ చీటీ?” అన్నారు మామయ్య.

తను ఫోన్ చూపించాడు. మామయ్య కళ్ళజోడు ఎత్తి చూశారు, దించి చూశారు. తరవాత చేతిలో ఉన్న అట్టని బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని, రాత్రి భోజనం వద్దని తలూపి పడుకున్నారు. అప్పటినుంచి ఆయన నోట మాట లేదు.

ఆ చీటీ పెట్టింది నేను.

మా షాపు నుంచి వెళ్ళే ప్రతి మెయిల్ చివరా ఇన్నాళ్ళూ ఒకటే మాట ఉండేది, ‘నా ఫోన్ నుంచి పంపినది’ అని. నలభై నాలుగేళ్ళ షాపు. చివర్న ఎవరి పేరూ లేదు, ఫోన్ గొప్ప మాత్రం ఉంది. ఒక మధ్యాహ్నం గల్లాబల్ల దగ్గర మేమిద్దరం మోచేతులు ఆనించుకుని కూర్చుని దానికో సంతకం తయారుచేశాం. మొదట నేను రాసింది తొమ్మిది లైన్లు, మూడు రంగులు.

“ఇది సంతకమా, షాపు బోర్డా?” అన్నాడు తను.

రెండోదాంట్లో తన పేరుకింద ‘అట్టల శాఖాధిపతి’ అని వేశాను. దానికి ఇద్దరం ఎంత నవ్వామంటే జిగురు డబ్బా ఒలికింది. చివరికి నాలుగు లైన్లు మిగిలాయి. షాపు పేరు, చేసే పని ఒక్క ముక్కలో, ఫోన్ నంబరు, తెరిచి ఉండే వేళలు. ఒకే నలుపు. పొందికగానే ఉంది, కానీ పక్కింటివాళ్ళదైనా అలాగే ఉంటుంది.

కత్తెర కోసం వెతుకుతూ పాత బిస్కెట్ల డబ్బా తెరిచాను. అందులో, రబ్బరుబ్యాండు ఎండి అతుక్కుపోయిన ఒక కట్ట. బొటనవేలంత మీగడరంగు చీటీలు, చుట్టూ చుక్కల గీత, మధ్యలో గోధుమరంగు అక్షరాలు:

‘కుట్టు పెద్దవాడిది. అట్ట చిన్నవాడిది.’

నా గుండె ఒక్కసారి కాలేజీ మెట్లెక్కింది.

డిగ్రీ రెండో ఏడు. బయట వాన. లైబ్రరీలో పెద్ద అట్లాసు తెరవబోయి తలకిందులుగా తెరిచాను. వెనక అట్ట లోపలివైపు మూలన ఆ చీటీ ఉంది. ఎవరీ పెద్దవాడు, ఎవరీ చిన్నవాడు అనుకున్నాను. ఆ తరవాత రెండేళ్ళపాటు ఏ లావుపాటి పుస్తకం తీసినా ముందు వెనక అట్టే చూసేదాన్ని. “కథ వెనకనుంచి చదువుతావేంటే,” అని నా స్నేహితురాలు ఏడిపించేది. చీటీ ఉన్న పుస్తకం దొరికితే ఆ రోజంతా బాగుండేది.

పెళ్ళిచూపుల్లో తను కాస్త మొహమాటపడుతూ “మాది బైండింగ్ షాపు” అన్నప్పుడు నేనడిగిన మొదటి ప్రశ్న, “కుట్టు పెద్దవాడిదేనా?” అని. తను నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. “పెద్దవాడు మా పెదనాన్న. ఇప్పుడు పని చెయ్యట్లేదు,” అన్నాడు. పని మానేశారనుకున్నాను. పెద్దతనం అనుకున్నాను. ఆయన షాపు వదిలి వెళ్ళిన ఏడాది తను హాస్టల్లో ఉన్నాడు. తనకి తెలిసిందీ అంతే.

అందుకే కిటికీ వెలుతుర్లో ఒక చీటీకి ఫోటో తీసి, అంచులు సరిచేసి, ఆ నాలుగు లైన్ల కింద అంటించాను. పాత ఖాతాదార్లు పంతొమ్మిది మందికి కుశలమడుగుతూ మెయిల్ పంపాను. చేసిందంతా అదే.

తలుపు దగ్గర మా ఆయన్ని వదిలేసి నేను వెనకగదిలోకి వెళ్ళాను. అత్తయ్య చాపమీద కూర్చుని కుడుతోంది. సామాన్ల గది అది. అరచేయంత కిటికీ. ఆ కిటికీ కిందికి కుట్టు చట్రం జరుపుకుని, పదహారేసి పేజీల ఫారాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వీపుల్లోంచి సూది దూర్చి లాగుతుంది. దారానికి మైనం రాసివ్వడం నా పని. ఈ ఇంట్లో నాకు మొదట దొరికిన పని, అందరికంటే ముందు దొరికిన స్నేహం కూడా.

“అత్తయ్యా, నేను అంత తప్పు చేశానా?”

“దారం వదులుగా పట్టుకోకు అమ్మడూ.”

బిగించి పట్టుకున్నాను. అత్తయ్య ఆ ఫారం పూర్తిచేసి ముడేసింది.

“ఆ చీటీ ఎందుకు మొదలైందో నీకు తెలుసా?” అంది.

“ముద్దుగా ఉంటుందని.”

“మీ మామయ్య వేసిన మొట్టమొదటి అట్ట వంకరొచ్చింది. పదిహేనేళ్ళవాడు. పుస్తకం ఇచ్చినాయన వచ్చి గోల చేశాడట. మా బావగారు లేచి, ‘కుట్టు నాది, అట్ట వాడిది. ఇద్దరినీ విడివిడిగా తిట్టండి’ అన్నారట. ఆ రోజే కాగితం చింపి చేత్తో రాసి అంటించారు. మంచైనా చెడైనా ఎవరిదో పేరుండాలని ఆయన పట్టు.”

“మంచి పట్టే కదా.”

“మంచి పట్టే. అదే ఆయన్ని ఈ షాపులోంచి తీసుకుపోయింది.”

సూది ఆగింది. గోడవైపు చూస్తూ చెప్పింది అత్తయ్య. పన్నెండేళ్ళ కిందట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైందట. ఎవరికీ చెప్పలేదట. కాగితాల అంచున రక్తపు చుక్కలు కనిపిస్తుంటే మామయ్యకి తెలిసిందట.

“ఆయన మధ్యాహ్నం భోజనానికి వెళ్ళగానే వదులు కుట్లు విప్పి నేను మళ్ళీ కుట్టేదాన్ని. ఈ గదిలోనే, తలుపేసుకుని. అన్నయ్య చిన్నబోకూడదని మీ మామయ్య ఆలోచన. చీటీ మాత్రం ఎప్పటిలాగే.”

“ఎన్నాళ్ళు?”

“ఎనిమిది నెలలు.”

“అసలు కుట్టు మీకెవరు నేర్పారు?”

“ఇంకెవరు, ఆయనే.” అత్తయ్య ముఖం మెత్తబడింది. “కొత్తగా వచ్చిన రోజుల్లో, ఇప్పుడు నువ్వు చేరినట్టే పక్కన చేరేదాన్ని. సన్నగా ఉండేదాన్ని, మాట పెగిలేది కాదు. ‘సన్నదారం, ఇలా రా, ఈ ఫారం పట్టుకో,’ అనేవారు. అన్నదమ్ములిద్దరూ వీపులు తిప్పుకుని పనిచేసేవారమ్మడూ. మధ్యలో రేడియో. మీ మామయ్య వెనక్కి చూడకుండా చెయ్యి చాపితే దారపుండ ఎగిరొచ్చి ఆ చేతిలో పడేది. ఒక్కసారి కింద పడటం నేను చూడలేదు.”

నేను మైనం ముక్క పట్టుకుని అలాగే కూర్చున్నాను. నేను పుట్టకముందు ఎగిరిన ఆ దారపుండ నా కళ్ళకి కనబడింది.

“మరి ఎలా తెలిసింది ఆయనకి?”

“ముడి. ఫారం చివర ఆయన దారం రెండుసార్లు తిప్పి ముడేసేవారు. నేను మూడుసార్లు. రెండంటే నా చేతికి నమ్మకం లేదు. ఒకరోజు అట్ట వెయ్యబోయే పుస్తకం వీపుమీద బొటనవేలు పెట్టి తడిమారు. ‘ఇది నాదా?’ అని తమ్ముణ్ణి అడిగారు. ఈయన ‘నీదే అన్నయ్యా’ అన్నారు. అక్కడైనా నిజం చెప్పాల్సింది. ‘నా పేరు కింద ఇంకొకరి చెయ్యి పెట్టారు’ అన్నారు బావగారు. కళ్ళజోడు తీసుకుని వెళ్ళిపోయారు. మూడు వీధుల అవతలే ఉంటారు. పదకొండేళ్ళుగా ఈ గడప తొక్కలేదు.”

“అంటే నేను మళ్ళీ అదే చేశాను.”

“అదే. కాకపోతే మేం గుట్టుగా చేశాం, నువ్వు పంతొమ్మిది మందికి పంపావు.”

అత్తయ్య నవ్వదు. ఇలాంటి మాటలు అన్నప్పుడు ఎడమ కనుబొమ్మ మాత్రం కొంచెం లేస్తుంది. అది లేచిందని నాకు కాస్త ధైర్యం వచ్చింది.

“మరి ఈ పదకొండేళ్ళూ కుట్టిందంతా మీరే కదా. మీ పేరుతో చీటీ ఎందుకు వెయ్యలేదు?”

సూది మళ్ళీ కదిలింది. “దారం ఇవ్వు,” అంది.

పన్నెండున్నరకి షాపు తలుపు తెరుచుకుంది. మామయ్య వచ్చి కంచం ముందు కూర్చున్నారు. నాలుగు ముద్దలు తిన్నాక మొదటి మాట అన్నారు.

“రాయమ్మా. పెద్దవాడు కుట్టడం లేదు. చీటీ పొరపాటున వచ్చింది. క్షమించండి.”

“నాన్నా, ఆరువందలు,” అన్నాడు మా ఆయన.

“విన్నాను.”

“మెయిల్ కింద ఉండేది ఎవరు పట్టించుకుంటారు? నంబరు కోసం చూస్తారు, అంతే.”

“ఆవిడ పట్టించుకుంది.”

“అమ్మ కుట్టు అంతకంటే గట్టిది. ఆవిడకి కావలసింది కుట్టా, పేరా?”

మామయ్య చెయ్యి ఆపి కొడుకుని చూశారు. “పన్నెండేళ్ళ కిందట సరిగ్గా ఇదే మాట నాతో నేను అనుకున్నాను,” అన్నారు.

తను తలవంచుకున్నాడు. నేను చెయ్యి కడుక్కుని కంప్యూటర్ తెచ్చాను. క్షమాపణ మూడు వాక్యాలు టైపు చేశాను. చివరికి వచ్చేసరికి, మేం పెట్టుకున్న ఏర్పాటు ప్రకారం, సంతకం దానంతటదే వచ్చి కూర్చుంది. నాలుగు లైన్లు, వాటికింద చీటీ. ‘కుట్టు పెద్దవాడిది. అట్ట చిన్నవాడిది.’ అబద్ధానికి క్షమించమని అడిగే ఉత్తరం అడుగున అదే అబద్ధం.

“ఇది మార్చాలి మామయ్యా,” అన్నాను. చీటీ బొమ్మ తీసేసి అదే చోట అక్షరాలు టైపు చేశాను. ‘కుట్టు’ అని రాసి, ఖాళీ వదిలి, ‘అట్ట చిన్నవాడిది’ అని పూర్తిచేశాను. “కుట్టు ఎవరిదని రాయను?”

మామయ్య నీళ్ళగ్లాసు కింద పెట్టారు.

“ఆ ముక్క తీసెయ్యి,” అన్నారు మామయ్య.

“తీసేస్తే అట్ట ఒక్కటే మిగులుతుంది. లోపల పుస్తకమే లేనట్టు.”

“పోనీ, ‘ఇంట్లోవాళ్ళది’ అని పెట్టు,” అన్నాడు మా ఆయన.

“ఇంట్లోవాళ్ళంటే ఎవరు? మీరా? మీరు సూదిలోకి దారం ఎక్కిస్తారా?”

“నేను మంచికే అంటున్నాను.”

“మంచికైతే పేరు పెట్టండి.”

“అమ్మకే లేని పట్టింపు నీకెందుకు?”

“అమ్మని ఎప్పుడైనా అడిగారా?”

మా మొదటి గొడవ అది. పట్టుమని ఐదు నిమిషాలు లేదు. ఆ నిమిషంలో కూడా, చూశావా, మనకీ ఒక గొడవ వచ్చింది అని లోపల ఎక్కడో గర్వపడ్డాను. కానీ తను కంచం తీసుకుని లేచిపోయినప్పుడు ఆ గర్వం మిగల్లేదు.

“నాకొద్దు అమ్మడూ,” అంది అత్తయ్య, బల్ల తుడుస్తూ. “ఈ వయసులో నా పేరు చూసి ఎవరీవిడ అంటారు. బావగారు ఉండగా ఆయన చోట నా పేరా?”

తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. మామయ్య ఆ గుడ్డనే చూస్తూ కూర్చున్నారు. మెయిల్ ఎటూ పోకుండా తెరమీద ఉండిపోయింది.

రెండున్నరకి షాపు గంట మోగింది.

లైబ్రరీ ఆవిడ ముందే వచ్చేసిందనుకుని పరుగెత్తాను. గడపకి అవతల పొడవాటి మనిషి. ఎడమచేత్తో కుడిచెయ్యి మణికట్టు పట్టుకుని నిలబడ్డారు. ఎక్కడో చూశాననిపించింది. మా పెళ్ళి ఫోటోల్లో, చివరి వరసలో, ఫ్రేములో సగమే పడిన భుజం.

“నువ్వేనా కొత్త కోడలివి?” అన్నారు.

“అవును, పెదమామయ్యా.”

“పొద్దున్న లైబ్రరీ ఆవిడ ఫోన్ చేసింది. నేను మళ్ళీ కుడుతున్నానట. అంత మంచి కబురు నాకెవరూ చెప్పలేదేం?”

నా వెనక మామయ్య వచ్చి నిలబడ్డారు. ఆ వెనక మా ఆయన, అత్తయ్య. గడపకి ఇటూ అటూ అన్నదమ్ములు. మధ్యలో నేను.

“మీ మామయ్యని అడుగమ్మా, ఈసారి ఎన్ని నెలలు దాచాలనుకున్నాడో.”

“నాకూ నిన్ననే తెలిసిందని చెప్పమ్మా.”

“చీటీ దానంతటదే నడిచి వెళ్ళిందా అని అడుగు.”

“పెదమామయ్యా,” అన్నాను, ఇక ఈ తంతితీగ ఉద్యోగం నావల్ల కాక, “పెట్టింది నేను. కాలేజీలో ఉన్నప్పుడు ఆ చీటీ చూశాను. మీరిద్దరూ ఎవరో తెలియకుండానే మీరంటే ఇష్టపడ్డాను. అందుకే పెట్టాను. ఎవరి చెయ్యి ఎవరి పేరు కింద ఉందో అప్పుడు నాకు తెలియదు.”

ఆయన నన్ను కాసేపు చూశారు.

“ఏ పుస్తకంలో?”

“పెద్ద అట్లాసు. నీలం గుడ్డ అట్ట.”

“మడతపెట్టిన మ్యాపులు పదకొండు దాంట్లో. ఒక్కోదానికి గుడ్డపట్టీ వేసి కుట్టాను.”

“పట్టీలు నేను కోసిచ్చాను,” అన్నారు మామయ్య, నా భుజం మీదుగా.

“కోశావు. ఒకటి పొట్టిగా కోశావు.”

“నాలుగో మ్యాపు.”

“నాలుగోదే.”

పదకొండేళ్ళలో ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలు అవి. అన్నాక ఇద్దరికీ తెలిసింది. మామయ్య దారి వదిలారు. ఆయన గడప దాటారు.

షాపంతా ఒకసారి చూశారు. గోడకి ఆనించిన అట్టలు, పెద్ద మిషన్, కిటికీ పక్కన ముక్కాలి పీట. ఆ పీటమీద ఎవరైనా కూర్చోగా నేను చూడలేదు. అయినా రోజూ ఎవరో తుడుస్తారు. ఎవరో నాకు ఇప్పుడు తెలిసింది, ఎందుకంటే మామయ్య చెయ్యి జేబులో ఉన్న గుడ్డ మీదికి పోయింది.

పెదమామయ్య బల్లమీద కుట్టి పెట్టిన పుస్తకం ఒకటి తీసుకున్నారు. ఇంకా అట్ట వెయ్యనిది. ఎడమచేత్తో పట్టుకుని, వణికే బొటనవేలు దాని వీపుమీద పైనుంచి కిందికి నడిపించారు. చివర ఆగారు.

“మూడు చుట్లు,” అన్నారు.

అత్తయ్య కొంగు వేళ్ళకి చుట్టుకుంటోంది.

ఆయన పుస్తకాన్ని రెండువైపులా వంచారు, మధ్యకి తెరిచారు, ఒక పేజీ పట్టుకుని లాగారు. అది కదల్లేదు. “నాకంటే బాగుంది,” అన్నారు, ఎవరితోనూ కాకుండా. తరవాత అత్తయ్యవైపు తిరిగారు. “అమ్మాయ్, ఎక్కడ కూర్చుని కుడుతున్నావు?”

అత్తయ్య వెనకగదివైపు చూపించింది.

“అక్కడా? సామాన్ల మధ్యా? ఇక్కడ ఇంత వెలుతురుండగా?”

ఆయన ముక్కాలి పీటవైపు చూశారు.

“ఇక్కడ కూర్చోవద్దని ఎవరైనా అన్నారా?”

“ఎవరూ అనలేదు బావగారూ.”

“కూర్చోమని?”

“అదీ ఎవరూ అనలేదు.”

మామయ్య కిటికీలోంచి వీధివైపు చూడటం మొదలుపెట్టారు. మా ఆయన నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. గొడవ తాలూకు ముఖంతోనే, చిటికెనవేలు మాత్రం నా చిటికెనవేలికి తగిలించాడు. అంతమందిలో ఆ కాస్త తగిలింపు నాకు ఒక ఉత్తరమంత అనిపించింది. ‘నువ్వన్నదే నిజం’ అని రాసి ఉన్న ఉత్తరం.

“ఆవిడకి ఏం రాశారు?” అన్నారు పెదమామయ్య.

కంప్యూటర్ తెచ్చి చదివి వినిపించాను. పెద్దవాడు కుట్టడం లేదు, పొరపాటు, క్షమించండి. ఆ కింద నాలుగు లైన్లు. ఆ కింద ‘కుట్టు’, ఖాళీ, ‘అట్ట చిన్నవాడిది’.

“ఆ ఖాళీ ఏమిటి?”

“దానిగురించే మధ్యాహ్నం నుంచి ఇంట్లో గొడవ.”

ఆయన ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. “ఇందులో గొడవేముంది? ‘సన్నదారంది’ అని రాయమ్మా. ఈ షాపులో ఆమె పేరు అదే కదా.”

నా వేళ్ళు అక్షరాలమీదికి వెళ్ళాయి. ఎంత బాగుంది ఆ పేరు. మీగడరంగు చీటీమీద గోధుమరంగులో ఎలా ఉంటుందో కూడా అప్పుడే ఊహించేసుకున్నాను.

“వద్దు,” అంది అత్తయ్య.

అందరం ఆమెవైపు తిరిగాం. అంత స్పష్టంగా ఆమె ఒక మాట అనడం నేనెప్పుడూ వినలేదు. మామయ్య కూడా ఇంతకుముందెప్పుడూ విననట్టే చూశారు.

“అది మీరు ముద్దుగా పెట్టిన పేరు బావగారూ. తలుచుకుంటే నాకిప్పటికీ సంతోషంగా ఉంటుంది. కానీ ఆ పిల్ల ఫారాలు పట్టుకునేది. ఇవి కుట్టింది ఆ పిల్ల కాదు.” కొంగు వేళ్ళ నుంచి వదిలేసింది. “ఏం రాయాలో నేను చెప్తాను. కాస్త ఆలోచించుకోనివ్వండి.”

ఆలోచించుకునే వ్యవధి లేకపోయింది. కిటికీ అద్దంలోంచి వీధి అవతల లైబ్రరీ ఆవిడ కనిపించింది. చేతిసంచి ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుని, అటూ ఇటూ చూసి రోడ్డు దాటుతోంది. గోడ గడియారంలో మూడుకి ఇంకా ఏడు నిమిషాలుంది. మెయిల్ నా చేతిలోనే ఉంది.

గంట మోగింది.

మామయ్య వెళ్ళి గడియమీద చెయ్యి వేశారు. వేసి, ఆగి, వెనక్కి తిరిగారు. అన్నగారివైపు కాదు, కొడుకువైపూ కాదు, అత్తయ్యవైపు.

“ఎవరు కుట్టారని ఆవిడ అడిగితే ఏం చెప్పను?”

అత్తయ్య కిటికీ దగ్గరికి నడిచింది. ముక్కాలి పీటని ఒకసారి చేత్తో తాకింది. తుడవాల్సిన దుమ్మేమీ లేదు. చీర సర్దుకుని, నెమ్మదిగా, దానిమీద కూర్చుంది. వెలుతురు ఆమె ఒళ్ళో పడింది. దారం కోసం నావైపు చెయ్యి చాపింది.

“తలుపు తీయండి,” అంది.